పసి గుండెలో పొటాషియం ద్వారాలు

రక్తపరీక్ష చేయించుకున్నవారి చేతికి వచ్చే కాగితం మీద సోడియం వరుస కింద ‘కె’ అనే ఒంటి ఇంగ్లీషు అక్షరం కనబడుతుంది. అది పొటాషియానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గుర్తు. పేరులో ‘కె’ శబ్దమే లేనప్పుడు ఆ గుర్తు ఎక్కడి నుంచి వచ్చిందన్న సందేహం మాకు చాలాకాలం ఉండేది. సమాధానం చివరకు మేము రోజూ బోధించే భాషలోనే దొరికింది. ఐరోపావారిలో కొందరు ఈ మూలకాన్ని ‘కాలియం’ అని పిలిచారు. ఆ మాట అరబీలోని ‘అల్ ఖలీ’ నుంచి పుట్టింది. ఖలీ అంటే మొక్కలను కాల్చగా మిగిలిన బూడిద. మన నానమ్మలు అంట్లు తోమడానికి పొయ్యిలోంచి తీసి పక్కన పెట్టుకున్న బూడిద అదే. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అటువంటి బూడిద నుంచి వచ్చే క్షారంలోకి విద్యుత్తును ప్రసరింపజేసి ఈ లోహాన్ని మొదటిసారిగా వేరుచేశాడు.

పొటాషియం గురించి మా వంటి అరబీ ఉపాధ్యాయుడు రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. మేము వైద్యులం కాము. మంతిఖ్, ఫిఖ్హ్, తఫ్సీర్ చదువుకొని, దాదాపు మూడు దశాబ్దాలుగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవారం. మోమిన్‌పేట్‌లో మా దగ్గర చదువుకొనే ఒక బాలుడి మూలంగా ఈ విషయాన్ని అడిగి, వెదకి, తెలుసుకోవలసి వచ్చింది. తెలుసుకున్నది పిల్లలున్న ప్రతి ఇంటికీ అవసరమైనదని తోచింది.

ఒక మాట ముందుగానే చెప్పాలి. మనలో కొందరు సోదరులకు ఒక అలవాటుంది. ఏ కొత్త శాస్త్ర విషయం విన్నా ‘ఇది మన పెద్దలు ఎప్పుడో చెప్పారు’ అంటారు. ఈ ధోరణి మాకు నచ్చదు. ఇబ్ను సీనా నాడి గురించి ఎంతో సూక్ష్మంగా రాశారు. పదమూడో శతాబ్దంలో ఇబ్నున్నఫీస్ రక్తం గుండె కుడి వైపు నుంచి ఊపిరితిత్తుల గుండా ఎడమ వైపునకు చేరుతుందని వివరించారు. అవి నిజమైన ఘనతలు. పొటాషియం ద్వారాల సంగతి మాత్రం వారెవరికీ తెలియదు. అది మా జీవితకాలంలో తేలిన విషయం. ఆ ద్వారం ఆకృతిని అణువు అణువుగా మొదటిసారి చూపించిన రోడరిక్ మెకినన్ పరిశోధన 1998లో వెలువడింది. అందుకు ఆయనకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఆ ద్వారాలంటే ఏమిటో చూద్దాం. గుండె కండరం కోట్లాది కణాల కూర్పు. ప్రతి కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటుంది. వెలుపల రక్తంలో అది 3.5 నుంచి 5 వరకే. సోడియం ఇందుకు తలకిందులు, బయట ఎక్కువ, లోపల తక్కువ. కణాన్ని చుట్టి ఉన్న పొరలో మాంసకృత్తులతో నిర్మితమైన సన్నని ద్వారాలుంటాయి. పొటాషియం ద్వారం తెరుచుకుంటే క్షణంలో కోట్ల పొటాషియం కణికలు దాని గుండా దాటిపోతాయి. వాటికన్నా చిన్నవైన సోడియం కణికలను మాత్రం అది దాదాపుగా రానివ్వదు. పెద్దది పోగలిగిన దారిలో చిన్నది పోలేకపోవడం వింతగా తోస్తుంది. కారణం ఆ దారి లోపలి అమరిక. పొటాషియం కణిక తన చుట్టూ ఉన్న నీటిని విడిచి ఆ దారిలోకి సరిగ్గా ఇమిడిపోతుంది, సోడియానికి ఆ కొలత కుదరదు.

గుండె కొట్టుకొనే ప్రతిసారీ మొదట సోడియం, దాని వెంట కాల్షియం కణంలోకి వస్తాయి. కండరం ముడుచుకుంటుంది. ఆ తర్వాత పొటాషియం ద్వారాలు తెరుచుకొని పొటాషియం బయటకు పోగానే కణంలోని విద్యుదావేశం మొదటి స్థితికి వచ్చి, కండరం సేదదీరి, తర్వాతి స్పందనకు సిద్ధమవుతుంది. పెద్దవారిలో ఇది రోజుకు సుమారు లక్ష సార్లు జరుగుతుంది. గుండెను కదిలించేవి సోడియం, కాల్షియం అయితే, దానికి విశ్రాంతినిచ్చేది పొటాషియం. ఆ విశ్రాంతి సమయానికి రాకపోతే ఏమవుతుందన్నదే ఈ వ్యాసానికి మూలం.

ఈ ద్వారాలు ఒక్క రకం కావు. పాఠకుల సౌకర్యం కోసం మూడింటికి మేమే పేర్లు పెట్టుకున్నాము. కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాన్ని కదలకుండా పట్టి ఉంచేది నిలకడ ద్వారం. స్పందన ముగింపులో చురుకుగా పనిచేసేది వేగ ద్వారం. మెల్లగా తెరుచుకుంటూ, మనిషి పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు, కోపగించినప్పుడు గుండె వేగానికి తగినట్టు విశ్రాంతిని త్వరపరిచేది నిదాన ద్వారం.

పుట్టుకకు ముందే ఈ ద్వారాల కథ మొదలవుతుంది. తల్లి గర్భంలో పిండానికి సుమారు 22 రోజుల వయసు వచ్చేసరికి గుండె కొట్టుకోవడం ఆరంభిస్తుంది. అప్పటికి దానికి గుండె ఆకారమే లేదు. అది ఒక సన్నని గొట్టం. మెదడు నుంచి నరాలు ఇంకా దాన్ని చేరలేదు. మరి ఏ ఆజ్ఞతో అది కొట్టుకుంటోంది? కోడి పిండాల మీద, ఎలుకల మీద శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనల్లో తేలినదేమిటంటే, ఆ తొలి కణాలలో నిలకడ ద్వారాలు చాలా తక్కువ. పట్టి ఉంచేవి లేనందున కణంలోని ఆవేశం అట్టడుగున నిలవక మెల్లగా పైకి తేలుతూ వచ్చి తానే ఒక స్పందనగా మారుతుంది. అందుచేత ఆ వయసులో ప్రతి కణమూ తనంతట తాను కొట్టుకోగలదు.

మా మక్తబ్‌లో ఖాయిదా చదివే పసివాళ్ళను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఒకడు అలిఫ్ అంటుంటాడు, ఇంకొకడు జీమ్ దగ్గర ఆగి ఉంటాడు, మూడోవాడు పక్కవాడి కంటే గట్టిగా అరవడమే చదువనుకుంటాడు. ఎవరి లయ వారిది. అదే పిల్లలు నాలుగేళ్ళు గడిచాక నమాజు వరుసలో నిలబడితే ఇమామ్ తక్బీర్ చెప్పేవరకు కదలరు, చెప్పగానే అందరూ ఒకేసారి రుకూలోకి వంగుతారు. గుండె కణాలు కూడా అలాగే పెరుగుతాయి. పిండం ఎదిగేకొద్దీ కండర కణాలలో నిలకడ ద్వారాలు ఎక్కువవుతాయి. లోపలి ఆవేశం సుమారు మైనస్ 85, 90 మిల్లీవోల్టుల దగ్గర స్థిరపడుతుంది. ఇక ఆ కణం తనంతట తాను కొట్టుకోదు, పిలుపు వచ్చేదాకా మౌనంగా వేచి ఉంటుంది.

ఆ పిలుపునిచ్చేది గుండె పైభాగంలో, కుడి గదిలో ఉన్న ఒక చిన్న కణాల గుంపు. మాకు ఎంతో ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇక్కడే ఉంది. ఆ గుంపులోని కణాలలో నిలకడ ద్వారాలు జీవితాంతం పెరగవు. అంటే వరుసలోని వారందరూ పెద్దవారై మౌనం నేర్చుకోగా, ఇమామ్ మాత్రం ఒక విషయంలో పసితనాన్నే నిలుపుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి గుండెకు లయనిచ్చేది అలా మిగిలిన బాల్య లక్షణమే. అల్లాహ్ సృష్టిలోని ఈ ఏర్పాటు గురించి చదివిన రాత్రి మేము కితాబు మూసి చాలాసేపు కూర్చున్నాము.

ప్రయోగశాలల్లో మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలు గాజు పాత్రలో తమంత తామే కొట్టుకుంటుంటాయి. చూసినవారు అద్భుతమంటారు. శాస్త్రజ్ఞులకు మాత్రం అది లోపం. ఆ కణాలింకా పిండ దశలోనే ఉన్నాయని, నిలకడ ద్వారాలు రాలేదని దాని అర్థం. దీనికి ఎదురుగా మరొకటి ఉంది. పెద్ద వయసులో గుండె బలహీనపడి నీరసించినప్పుడు పొటాషియం ద్వారాలు కొన్ని తగ్గిపోతాయి, పిండ దశ నాటి కొన్ని జన్యువులు మళ్ళీ మేల్కొంటాయి. జబ్బుపడిన గుండెలో లయ తప్పడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

జంతువులన్నిటిలో ఈ ఎదుగుదల ఒకే దారిన పోదు. ఎలుక పిల్ల పుట్టిన తర్వాతి వారాల్లో మరో రకం పొటాషియం ద్వారం దాని గుండెలో వేగంగా పెరుగుతుంది. ఒకసారి పనిచేశాక మళ్ళీ సిద్ధం కావడానికి ఆలస్యం చేసే పాత రకం తగ్గి, త్వరగా సిద్ధమయ్యే కొత్త రకం దాని స్థానంలోకి వస్తుంది. ఈ మార్పిడికి థైరాయిడ్ హార్మోను తోడ్పడుతుంది. నిమిషానికి ఆరు వందల సార్ల వరకు కొట్టుకొనే చిట్టెలుక గుండెకు అటువంటి ఏర్పాటు కావాలి. పిండ దశలో అది ఆధారపడిన వేగ ద్వారం పెద్దయ్యాక దానికి అంతగా అక్కరలేదు. మనిషికి మాత్రం వేగ, నిదాన ద్వారాలు రెండూ చివరిదాకా కావాలి. అందుకే ఎలుక గుండె మీద చూసినదంతా మనిషికి అన్వయించకూడదని వైద్యులు హెచ్చరిస్తారు.

మనిషిలో కూడా పుట్టగానే మార్పు ఆగిపోదు. ఈసీజీ కాగితం మీద కండరం ముడుచుకోవడానికి పిలుపు అందినప్పటి నుంచి అది పూర్తిగా సేదదీరేవరకు పట్టే కాలాన్ని క్యూటీ అంటారు. గుండె వేగాన్ని బట్టి సరిచేసిన ఈ కాలం శిశువుకు రెండో నెల ప్రాంతంలో కొంచెం పెరిగి, ఆరో నెలకల్లా మళ్ళీ తగ్గుతుందని ఇటలీ వైద్యులు గమనించారు. బాల్యంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ అది ఇంచుమించు సమానం. బాలిగ్ అయ్యే వయసులో మగపిల్లలకు కురచవుతుంది, ఆడవారికి పెద్దగా మారదు. అందువల్ల ద్వారంలో పుట్టుకతో వచ్చిన దోషం ఉంటే, అది బయటపడే వయసు కూడా పిల్లను బట్టి, పిల్లవాణ్ణి బట్టి మారుతుంది. నిదాన ద్వారంలో దోషమున్న మగపిల్లలకు బడి వయసే ఎక్కువ ప్రమాదకరం. ఆడవారికి ఆ ముప్పు పెద్దయ్యాక కూడా కొనసాగుతుంది.

మేము చెప్పిన బాలుడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మోమిన్‌పేట్‌కు దగ్గరలోని ఒక పల్లె నుంచి వస్తాడు. పుట్టుచెవుడు. మా పెదవుల కదలికను చూస్తూ, వేలితో అక్షరాలను తాకుతూ చదువుతాడు. చూపు మాత్రం చాలా చురుకు, మిగతా పిల్లలు గమనించని తప్పును రాతలో ముందు పట్టేది వాడే. ఒకనాడు తెగిన పతంగి వెంట పరుగెత్తుతూ బోర్లా పడిపోయాడు. ముఖం పాలిపోయింది. కొద్దిసేపటికి లేచి ఏమీ జరగనట్టు చూశాడు. రెండు నెలల తర్వాత ఒక పెద్ద విద్యార్థి వాడి పలక లాక్కుంటే, కోపంతో వణుకుతూ లేచి నిలబడి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు.

ఇంట్లోవారు గాలి సోకిందన్నారు. తావీజు కట్టించారు. ఒక ఆసుపత్రిలో మూర్ఛ అని చెప్పి మాత్రలు రాసిచ్చారు, తల ఫొటో తీస్తే అందులో ఏమీ కనిపించలేదు. నాయనమ్మ మా దగ్గరకు తీసుకువచ్చి దమ్ చేయమని అడిగింది. మేము దుఆ చదివి ఊదాము. అదే సాయంత్రం మా మిత్రుని కుమారుడు, హైదరాబాద్‌లో వైద్యం చదువుతున్నవాడు, ఫోనులో ఈ సంగతి విని ఒకే ప్రశ్న వేశాడు. “చెవుడు పుట్టుకతోనేనా మామూ?” అవునన్నాము. “అయితే రేపే ఈసీజీ తీయించండి. ఎల్లుండి వరకు ఆగవద్దు” అన్నాడు. వికారాబాద్‌లో తీయించాము. క్యూటీ 440 మిల్లీసెకన్ల లోపు ఉండవలసినది 530 ఉంది. 500 దాటితే ప్రమాదం ఎక్కువని తర్వాత హైదరాబాద్‌లోని హృద్రోగ వైద్యులు వివరించారు.

నాయనమ్మ అడిగిన మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. “చెవికీ గుండెకీ ఏం చుట్టరికం మౌల్వీ సాబ్?”

చుట్టరికం ఉంది. మనం వినే శబ్దాన్ని మెదడుకు అందించే లోపలి చెవిలో పొటాషియం దండిగా ఉన్న ఒక ద్రవం నిండి ఉంటుంది. చెవిలోని రోమకణాలు ఆ పొటాషియం వల్లనే పనిచేస్తాయి. ఆ ద్రవంలోకి పొటాషియాన్ని పంపేది, గుండెలో ఉన్న నిదాన ద్వారమే. రెండు చోట్లా ఒకే ద్వారం. దాన్ని తయారుచేసే జన్యువులు రెండు, పదకొండో క్రోమోజోము మీద ఉన్న కేసీఎన్‌క్యూ1, ఇరవై ఒకటో దాని మీద ఉన్న కేసీఎన్‌ఈ1. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడితే ద్వారం పూర్తిగా లేనట్టే. చెవికి ద్రవం అందదు, శిశువు పుట్టుకతోనే వినలేదు. గుండె మామూలుగా ఉన్నప్పుడు వేగ ద్వారంతో నెట్టుకొస్తుంది. పరుగు, కోపం, భయం వచ్చినప్పుడు విశ్రాంతి ఆలస్యమై, లయ చెదిరి, రక్తం మెదడుకు చేరక బిడ్డ పడిపోతాడు. లయ దానంతట అది కుదుటపడితే లేస్తాడు. కుదుటపడకపోతే లేవడు.

1957లో నార్వే వైద్యులు ఆంటన్ జెర్వెల్, ఫ్రెడ్ లాంగె నీల్సన్ ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టుచెవిటివారు. ఆ నలుగురూ స్పృహ తప్పి పడిపోతుండేవారు. వారిలో ముగ్గురు నాలుగు, ఐదు, తొమ్మిదేళ్ళ వయసులో హఠాత్తుగా మరణించారు. ఆ వైద్యుల పేరుతోనే ఈ జబ్బును పిలుస్తారు. దానికి నూరేళ్ళ ముందు, 1856లో, మైస్నర్ అనే జర్మన్ వైద్యుడు రాసి పెట్టిన ఉదంతం ఒకటి ఉంది. ఉపాధ్యాయులమైన మాకు అది నిద్ర పట్టనివ్వలేదు. లైప్‌సిగ్ నగరంలోని బధిరుల బడిలో ఒక బాలిక ఏదో చిన్న వస్తువు దొంగిలించిందని అందరి ఎదుట మందలించడానికి పిలిచారు. ఆమె అక్కడికక్కడే కూలి చనిపోయింది. కబురు విన్న తల్లిదండ్రులు ఆశ్చర్యపోలేదు. వారి మరో ఇద్దరు పిల్లలు కూడా అంతకు ముందు అలాగే, ఒకరు భయపడి, ఒకరు కోపగించి, పోయారు.

ఈ సంగతి చెప్పినప్పుడు నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బాలుడికి ముందు ఆ ఇంట ఒక ఆడపిల్ల పుట్టింది. తనకూ వినికిడి లేదు. ఐదేళ్ళప్పుడు కుక్క తరిమితే పడిపోయి మళ్ళీ లేవలేదు. భయానికి గుండె ఆగిపోయిందని ఊరివారు అనుకున్నారు. ఊరివారి మాటే సరైనది.

ఇక్కడ పాఠకులు కంగారు పడకూడదు. పుట్టుచెవుడు గల పిల్లలలో ఈ జబ్బు ఉండేది నూటికి ఒకరి కంటే తక్కువ మందికే. అయితే అది ఉందో లేదో చూడడానికి కావలసింది పది నిమిషాలు, ఒక ఈసీజీ. కనుగొనకుండా వదిలేస్తే ఇటువంటి పిల్లల్లో సగానికి పైగా పదిహేనేళ్ళ లోపే మరణిస్తారని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. కనుగొంటే ప్రొప్రనలాల్, నడొలాల్ వంటి రోజువారీ మందులున్నాయి, అవి చాలనివారికి ఛాతీలో అమర్చే పరికరం ఉంది. చెవుడు గల బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ కోసం వెళ్ళేవారు మత్తుమందు ఇవ్వకముందే ఈసీజీ సంగతి తప్పక అడగాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు శరీరంలోని పొటాషియం నీటితోపాటు పోతుంది. అటువంటప్పుడు ఈ పిల్లలకు ముప్పు మరింత పెరుగుతుంది. ఓఆర్ఎస్ పొట్లంలో లీటరు నీటికి ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉండేది ఊరికే కాదు. వాంతులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే డాంపెరిడోన్, దగ్గూ జ్వరానికి వాడే అజిత్రోమైసిన్ వంటివి వేగ ద్వారాన్ని కొంత మూసివేస్తాయి. ఆరోగ్యవంతులకు సాధారణంగా ఇబ్బంది రాదు, నిదాన ద్వారం పనిచేయని బిడ్డకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ఈ జబ్బు ఉన్నవారు బావిలో, చెరువులో ఈతకు దిగరాదు. నీటిలో ఈదడం నిదాన ద్వారం దోషానికి అన్నిటికంటే చెడ్డ పరీక్ష. ఈత బాగా వచ్చిన పిల్లవాడు బావిలో మునిగాడని విన్నప్పుడల్లా మాకు ఇప్పుడు వేరే ఆలోచన వస్తోంది.

బిడ్డ పడిపోయి ఊపిరి తీయకపోతే చేతిలో తాళంచెవి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మాని, ఒకరు 108కు ఫోను చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా అదమాలి. మా మదరసాలోని పెద్ద విద్యార్థులందరికీ ఇది నేర్పించాము. బెత్తం సంగతి కూడా ఆ రోజే తేల్చుకున్నాము. అది ఇప్పుడు మా తోటలో బీర తీగకు ఊతగా ఉంది.

మిగిలింది అన్నిటికంటే కష్టమైన విషయం. బాలుడి తల్లిదండ్రులు మేనత్త, మేనమామ పిల్లలు. ఇద్దరూ ఒకే తాతముత్తాతల నుంచి చెడిన ప్రతి ఒకటి తెచ్చుకున్నారు, తమకేమీ లేకుండానే. అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు చెడు ప్రతులు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు ఒక్క మన సమాజంలోనే కాదు, తెలుగు నేలంతటా ఉన్నాయి. మేనమామ మేనకోడలి వివాహాన్ని ఇస్లాం నిషేధించింది, తోటి కులాలలో అది చాలా ఇళ్ళలో ఆనవాయితీ. తండ్రి వైపు, తల్లి వైపు సోదర సంతానంతో నికాహ్‌ను షరీఅత్ అనుమతించింది. అనుమతి వేరు, ఆదేశం వేరు. ఫిఖ్హ్ చదివిన మొదటి సంవత్సరం విద్యార్థికి తెలిసిన ఈ తేడాను ఊరి పెద్దలు కొందరు మరచిపోయి, ఇంటి పిల్లను బయట ఇవ్వడమే తప్పన్నట్టు మాట్లాడుతుంటారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర విభాగంలో ఆచార్య ప్రతిభా నల్లారి, ఆమె తోటి పరిశోధకులు క్యూటీ దీర్ఘమైన రోగులను పరిశీలించి, కేసీఎన్‌క్యూ1లో అంతకు ముందు నమోదు కాని మార్పులను 2013లో ప్రచురించారు. అంటే ఇది ఏ నార్వేదో, జర్మనీదో మాత్రమే కాదు. హైదరాబాద్ బేగంపేటలో అదే విశ్వవిద్యాలయానికి చెందిన జన్యువ్యాధుల ఆసుపత్రి ఉంది. ఇటువంటి కుటుంబాలు సలహా కోసం వెళ్ళదగిన చోటు అది.

బాలుడికి ఇరవై మూడేళ్ళ అన్న ఉన్నాడు. వినికిడి సవ్యంగా ఉంది. తల్లి చెల్లెలి కూతురితో నిశ్చయమైంది, రంజాన్ తర్వాత నికాహ్ అనుకున్నారు. ఇంతలో తమ్ముడి జబ్బు బయటపడింది. చెవుడు లేని అన్నకు చెడిన ప్రతి ఒకటి ఉండే అవకాశం మూడింట రెండు వంతులు, పిన్ని కూతురికి నాలుగింట ఒకటి. వైద్యులు ఇద్దరికీ పరీక్ష చేయించమన్నారు. అన్నకు చేశారు. ఒక ప్రతిలో మార్పు ఉంది. అమ్మాయి తండ్రి ఒప్పుకోలేదు. “మా పిల్లను ఆసుపత్రికి తిప్పితే రేపు ఇంకెవరు చేసుకుంటారు మౌల్వీ సాబ్?” అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. పరీక్ష ఫలితం నలుగురి నోట పడితే ఆడపిల్లకే మచ్చ అంటగడతారు, మగపిల్లవాడి ప్రతిని ఎవరూ లెక్కపెట్టరు. మేము రెండు ఇళ్ళ మధ్య మూడుసార్లు తిరిగాము. చివరకు సంబంధం తప్పిపోయింది. పరీక్షలు పెళ్ళిళ్ళు చెడగొడుతున్నాయని బజారులో అంటున్నారు. ఆ ఇంట సమాధిలో ఉన్న ఐదేళ్ళ పిల్ల గురించి అనడం లేదు.

ఒక ప్రతి మాత్రమే చెడినవారికి చెవుడు రాదు. కానీ వారిలో కొందరికి క్యూటీ కొంత దీర్ఘంగా ఉండి, అరుదుగా స్పృహ తప్పవచ్చు. అందుకే నికాహ్‌తో నిమిత్తం లేకుండా దగ్గరి బంధువులందరూ ఈసీజీ తీయించుకోవాలని వైద్యులు చెప్పారు. బాలుడి ఇంట తల్లి, తండ్రి, అన్న తీయించుకున్నారు. రెండో ఇంటికి మేము కబురు మాత్రం పంపాము.

పోయిన నెల అసర్ నమాజు అయ్యాక అమ్మాయి తల్లి, అంటే బాలుడి ఖాలా, మదరసా వాకిట్లోకి వచ్చి నిలబడింది. భర్తకు చెప్పి వచ్చానంది. కూతురి మాట ఎత్తలేదు. “పెళ్ళికాక ముందు మా ఊరి బావిలో ఈత కొట్టేదాన్ని మౌల్వీ సాబ్. రెండుసార్లు నీళ్ళలోనే స్పృహ పోయింది. మా అక్కే జుట్టు పట్టి లాగింది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు. అది కూడా ఇదేనా?”

“చూసి చెప్పేది వైద్యులు బహెన్. ఆలస్యం మాత్రం చేయకండి” అన్నాము. ఒక కాగితం మీద ఈసీజీ అని, దాని కింద అక్క కొడుకు జబ్బు పేరు, ఆమెకు బావిలో జరిగిన సంగతి రాసి ఇచ్చాము. అవి చూస్తే వైద్యునికి వేరే వివరణ అక్కరలేదు. ఆమె కాగితాన్ని రెండు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది. షుగరు పరీక్షకు మరునాడు వికారాబాద్ వెళ్ళే పని ఉందని, దానితోపాటే ఇదీ తీయించుకుంటానని చెప్పి, చీకటి పడకముందే ఆటో ఎక్కింది.